వేడి నీటి ప్రెషర్ వాషర్‌లో గార: యంత్రాని కంటే ముందు నీటిని పరీక్షించాలి

పాడి క్షేత్రాలు, పాల శీతలీకరణ కేంద్రాలు, కోళ్ల షెడ్లు, కోత యంత్రాలను అద్దెకిచ్చే కేంద్రాలు - ఈ నాలుగు చోట్లా నేడు వేడి నీటి ప్రెషర్ వాషర్ కనిపిస్తోంది. కొన్ననాడు దానికి దక్కిన గౌరవం రెండో వేసవి నాటికి మిగలదు. నీళ్లు వేడెక్కడం లేదనో, పీడనం పడిపోయిందనో, బర్నర్ మధ్యలో ఆరిపోతోందనో చెప్పి దానిని షెడ్డు మూలకు నెట్టి, మళ్లీ రబ్బరు గొట్టమూ చీపురూ చేతబట్టడం పరిపాటి అయింది. మెకానిక్ వచ్చి పంపు మార్చాలంటాడు. పంపు మార్చినా ఫలితం కనిపించదు. చివరకు యంత్రమే నాసిరకమన్న తీర్పుతో విచారణ ముగుస్తుంది. ఇలా మూలకు చేరిన యంత్రాలలో చాలా వాటికి పంపు బాగానే ఉంటుందనీ, లోపలి గొట్టంలో సున్నం పేరుకోవడమే అసలు కారణమనీ, ఆ సున్నం అక్కడి బోరు నీటిదేననీ నా అభిప్రాయం. దీనిని మెకానిక్‌కు వదిలివేయదగిన చిల్లర మరమ్మతుగా కాక, నీటి నాణ్యతకు సంబంధించిన విస్తరణ సమస్యగా చూడాలని ఈ వ్యాసంలో వాదించదలిచాను.

విస్తరణ శాస్త్రవేత్తలకు ఈ విద్య కొత్తది కాదు. 2003లో ఆంధ్రప్రదేశ్ సూక్ష్మ సేద్య పథకం ఆరంభమైన నాటి నుంచి బిందు సేద్యపు లేటరల్ గొట్టాలకు ఆమ్ల చికిత్స ఎలా చేయాలో రైతులకు బోధిస్తూనే ఉన్నారు. డ్రిప్పర్ల నోట తెల్లని పొర కనిపిస్తే అది కార్బొనేటు అని, హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో కరుగుతుందని, ఆమ్లాన్నే నీటిలో పోయాలి గాని నీటిని ఆమ్లంలో పోయరాదని తోట రైతుకు తెలుసు. పి.హెచ్. కాగితం వాడటమూ తెలుసు. అదే రైతు ఇంటి పక్కన పది గేదెలతో పాడి నడుపుతూ ప్రెషర్ వాషర్ కొంటే మాత్రం ఆ జ్ఞానమంతా తోటలోనే ఉండిపోతుంది. అదే నీరు, అదే సున్నం, అదే ఆమ్లం. తోడుగా మంట, పీడనం చేరాయి. ఆ రెండూ చేరడం వలన సమస్య వేగంగా ముదురుతుంది, ప్రమాదకరంగానూ మారుతుంది. అంతకుమించి ఇందులో కొత్త శాస్త్రమేమీ లేదు.

యంత్రపు అమరికను ఒకసారి గుర్తు చేసుకుందాం. నీరు మొదట చిన్న తొట్టిలోకి, అక్కడి నుంచి మూడు ప్లంజర్ల పంపులోకి వస్తుంది. పంపు దానిని వంద బార్లకు పైబడిన పీడనంతో చుట్టలు చుట్టిన ఉక్కు గొట్టంలోకి, అంటే కాయిల్‌లోకి నెడుతుంది. ఆ చుట్టల మధ్య డీజిల్ బర్నర్ మండుతుంది. వేడెక్కిన నీరు రబ్బరు గొట్టం ద్వారా గన్‌కు, అక్కడి నుంచి నాజిల్‌కు చేరుతుంది. వేడిచేయడం పంపు తరువాతే జరుగుతుందన్నది గమనించవలసిన విషయం. అందువలన పంపులోకి చల్లని నీరే వెళ్లి దాని సీళ్లు చెడకుండా ఉంటాయి. మరోవైపు గార పట్టే గొట్టం సంపూర్ణ పీడనం కింద ఉంటుంది. నీటిలో కరిగి ఉన్న కాల్షియం బైకార్బొనేటు వేడి తగలగానే విడిపోయి, బొగ్గుపులుసు వాయువును వదిలి, కరగని కాల్షియం కార్బొనేటుగా మారుతుంది. సాధారణ లవణాలు వేడి నీటిలో ఎక్కువగా కరుగుతాయి గాని కాల్షియం కార్బొనేటు నడక ఎదురు. నీరు ఎంత వేడెక్కితే అది అంత తక్కువగా కరుగుతుంది. కాబట్టి మంటకు అతి దగ్గరగా ఉన్న చుట్టలలోనే, అంటే లోహం అన్నిటికంటే ఎక్కువగా శ్రమపడే చోటనే, గార ముందుగా పడుతుంది.

మన ప్రాంతపు నీరు ఈ విషయంలో ఉదారమైనది. కృష్ణా, గోదావరి కాలువల నీటితో పోలిస్తే బోరు నీటిలో కాఠిన్యం సాధారణంగా అధికం. పల్నాడు, కర్నూలు, కడప ప్రాంతాల సున్నపురాయి మీద వెలసిన సిమెంటు కర్మాగారాలు ఆ నేలల స్వభావాన్ని చెప్పకనే చెబుతాయి. భారత ప్రమాణాల సంస్థ తాగునీటి ప్రమాణం ఐ.ఎస్. 10500 (2012) ప్రకారం మొత్తం కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాముల వరకు ఆమోదయోగ్యం. వేరే నీటి వనరు లేనప్పుడు 600 వరకు అనుమతిస్తారు. మనిషి తాగడానికి అనుమతించిన ఆ 600 వేడి నీటి యంత్రానికి ఎంతమాత్రమూ తగదు. ‘ఈ నీళ్లు మేము తాగుతున్నాం, యంత్రానికి పనికిరావా?’ అని అడిగే రైతుకు చెప్పవలసిన సమాధానం ఇదే.

ఇక్కడే ఒక అపోహను తొలగించాలి. జేబులో పట్టే టి.డి.ఎస్. మీటరు నేడు ప్రతి నీటి శుద్ధి దుకాణంలోనూ ఉంది. దాని అంకె చూసి నీరు మంచిదో కాదో తేల్చే అలవాటు మన కార్యాలయాలలోకి కూడా ప్రవేశించింది. ఆ మీటరు నీటి విద్యుద్వాహకతను కొలిచి కరిగిన లవణాల మొత్తాన్ని అంచనా వేస్తుందే తప్ప వాటిలో కాల్షియం ఎంతో, సోడియం ఎంతో చెప్పలేదు. సోడియం బైకార్బొనేటు అధికంగా ఉన్న నీరు టి.డి.ఎస్.లో భయపెట్టినా కాయిల్‌లో పెద్దగా గార వేయకపోవచ్చు. అదే నీరు పొలానికి పెడితే చౌడు చేస్తుంది. టి.డి.ఎస్. అంకె మధ్యస్థంగా ఉన్నా అందులో అధిక భాగం కాల్షియం బైకార్బొనేటు అయితే ఆ నీరు యంత్రాన్ని ఒక్క ఏడాదిలో పట్టేయగలదు. కావలసినది మొత్తం కాఠిన్యం, క్షారత్వం అనే రెండు అంకెలు. సాగునీటి నమూనాలను పరీక్షించే ప్రయోగశాలలలో కాల్షియం, మెగ్నీషియం, బైకార్బొనేటు ఎలాగూ కొలుస్తారు. ఆ నివేదికనే మరొక దృష్టితో చదవడం నేర్చుకుంటే చాలు.

పరిమాణం ఎంతో ఊహకు అందడానికి ఒక చిన్న లెక్క వేద్దాం. నిమిషానికి 15 లీటర్ల యంత్రం గంటకు 900 లీటర్లు వాడుతుంది. నీటిలో లీటరుకు 500 మిల్లీగ్రాముల కాఠిన్యం ఉండి, అదంతా వేడికి విడిపోయే తాత్కాలిక కాఠిన్యమే అనుకుంటే, గంటకు 450 గ్రాముల సున్నం కాయిల్ గుండా ప్రయాణిస్తుంది. ఏడాదికి 200 గంటలు నడిపితే అది 90 కిలోలు. అందులో నూటికి ఒక వంతు మాత్రమే గోడకు అంటుకుందనుకున్నా 900 గ్రాములు. లోపలి వ్యాసం 12 మిల్లీమీటర్లు, పొడవు 30 మీటర్లు ఉన్న గొట్టం లోపలి ఉపరితలం సుమారు 1.13 చదరపు మీటర్లు. ఆ 900 గ్రాములను దానిపై సమానంగా పరిస్తే 0.3 మిల్లీమీటరు మందం పొర ఏర్పడుతుంది. నిజానికి అది సమానంగా పరుచుకోదు. మంట తగిలే చుట్టలలో దట్టంగా, మిగిలిన చోట పలుచగా ఉంటుంది.

గార వలన నష్టమేమిటన్న ప్రశ్నకు రసాయనాలు అమ్మేవారి కరపత్రాలు డీజిల్ ఖర్చును ముందుకు తెస్తాయి. ఈ వాదన పూర్తిగా అబద్ధం కాకపోయినా మిక్కిలి పెంచి చెప్పినది. మంట నుంచి లోహానికి వేడి చేరడానికి ప్రధానమైన అడ్డంకి పొగ వాయువుల వైపే ఉంటుంది. నీటి వైపు ఒక మిల్లీమీటరు గార చేరినా మొత్తం అడ్డంకి స్వల్పంగానే పెరుగుతుంది. డీజిల్ పొదుపే లక్ష్యమైతే కాయిల్ బయటి మసిని దులపడం ఎక్కువ ఫలితమిస్తుంది. గార చేసే అసలు కీడు వేరు. మొదటిది లోహపు వేడి. ఉక్కుతో పోలిస్తే సున్నపు పొర వేడిని ముప్పయ్యో వంతు కూడా ప్రసరింపజేయదు. పైన చెప్పిన పరిమాణపు యంత్రం నీటిని 25 నుంచి 85 డిగ్రీల సెల్సియస్‌కు వేడిచేయడానికి గంటకు 54,000 కిలో కేలరీలను ఆ 1.13 చదరపు మీటర్ల గుండా పంపాలి. ఒక మిల్లీమీటరు గార ఉంటే సగటున లోహం మునుపటి కంటే మరో 35 నుంచి 40 డిగ్రీలు అదనంగా వేడెక్కితే గాని అంత వేడి లోపలికి దిగదు. ఇది సగటు మాత్రమే. మంట ముఖాముఖి తగిలే చుట్టల్లో ఈ తేడా అనేక రెట్లు ఉంటుంది. అలా కాగి నీరసించిన ఉక్కే వంద బార్ల పీడనాన్ని మోయాలి. కాయిల్ పగిలిందన్న వార్త వెనుక తరచుగా ఉన్న కారణం ఇదే.

రెండవది దారి ఇరుకు కావడం. గొట్టంలో నీటికి ఎదురయ్యే నిరోధం వ్యాసపు అయిదవ ఘాతానికి విలోమంగా మారుతుంది. 12 మిల్లీమీటర్ల గొట్టంలో చుట్టూ ఒక మిల్లీమీటరు గార పడితే వ్యాసం 10కి దిగుతుంది, నిరోధం రెండున్నర రెట్లవుతుంది. రెండు మిల్లీమీటర్లు పడితే వ్యాసం 8, నిరోధం ఏడున్నర రెట్లు. కొత్తలో కాయిల్ మూడు బార్లు మింగేది అనుకుంటే ఇప్పుడు ఇరవై రెండు బార్లకు పైగా మింగుతుంది. గార గరుకుదనాన్ని కూడా కలిపితే ఇంకా ఎక్కువే. పంపు వద్ద గేజ్ నిండుగా చూపుతున్నా గన్ దగ్గర ధార నీరసంగా ఉండటానికి ఇదే హేతువు. మెకానిక్ ఆ నీరసపు ధారను చూసి పంపును విప్పుతాడు.

రోగనిర్ధారణ విషయంలో నా సూచన ఒక బకెట్‌తో మొదలవుతుంది. బర్నర్‌ను ఆపి, నాజిల్ విప్పి, చల్లని నీటితో యంత్రాన్ని నడిపి, కొలత గల బకెట్‌లో ఒక నిమిషం పాటు నీరు పట్టాలి. ప్లంజర్ పంపు తన పరిమాణానికి తగినంత నీటిని విధిగా నెట్టే రకం కాబట్టి, యంత్రం పలకపై రాసినంత నీరు రాకపోతే లోపం పంపు వైపు ఉన్నట్లు. అలాంటప్పుడు తొట్టిలో నీరు చాలకపోవడం, ఇసుకతో మూసుకుపోయిన జాలీ, గాలి పీల్చే గొట్టపు బిగింపు, అరిగిన వాల్వులు లేదా సీళ్లు, మధ్యలోనే నీటిని వెనుకకు మళ్లించే అన్‌లోడర్ - ఈ వరుసలో చూడాలి. గాలి పీలిస్తే పంపు గరగరమని శబ్దం చేస్తూ గొట్టం అదురుతుంది. ఆ శబ్దాన్ని ఒకసారి విన్న చెవి మరచిపోదు. ఇక అదే సమయంలో గేజ్ వైపు చూడాలి. నాజిల్ లేనప్పుడు ముల్లు దాదాపు సున్న దగ్గర పడుకోవాలి. 250 బార్ల గేజ్‌పై మూడు బార్లు కంటికి ఆనవు గనుక, ముల్లు స్పష్టంగా లేచి నిలబడితే పంపుకు, గన్‌కు మధ్య ఎక్కడో దారి మూసుకుపోతున్నట్లే. రబ్బరు గొట్టాన్ని కాయిల్ వద్ద విప్పి మళ్లీ చూస్తే మూత కాయిల్‌లో ఉందో, గొట్టంలో ఉందో తేలిపోతుంది. నీరూ సరిగా వచ్చి, ముల్లూ సున్న దగ్గరే ఉండి, నాజిల్ బిగించాక మాత్రం పీడనం రాకపోతే నాజిల్ రంధ్రం అరిగి పెద్దదైనట్లు గాని, అన్‌లోడర్ సర్దుబాటు తప్పినట్లు గాని భావించాలి. ఇంత తేల్చడానికి పావుగంట చాలు, స్పానర్ తప్ప మరో పనిముట్టు అక్కరలేదు.

నీరు వేడెక్కకపోవడానికి కారణాలు మరి కొన్ని ఉన్నాయి. డీజిల్‌లో నీరు చేరడం, ఇంధన నాజిల్ మూసుకుపోవడం, నిప్పురవ్వ పుట్టించే ఎలక్ట్రోడుల మధ్య దూరం తప్పడం, మంటను గుర్తించే ఫోటోసెల్‌పై మసి చేరడం వంటివన్నీ బర్నర్ వ్యవహారాలు. నల్లని పొగ వస్తే గాలి చాలడం లేదని, తెల్లని పొగ వస్తే డీజిల్ మండకుండానే వెళ్లిపోతోందని మెకానిక్‌లకు తెలిసిన సంగతే. వీటిపై ఎక్కువ చెప్పనవసరం లేదు. కానీ ఫ్లో స్విచ్ గురించి ఆగి చెప్పక తప్పదు. నీరు ప్రవహిస్తున్నప్పుడే బర్నర్ మండాలన్న నియమాన్ని కాపాడే చిన్న పరికరమది. దాని లోపలి ముషలకం గారకు అంటుకుపోతే రెండు విధాలుగా జరగవచ్చు. నీరు ప్రవహిస్తున్నా బర్నర్ వెలగదు. లేదా నీరు ఆగినా బర్నర్ ఆరదు. మొదటి సందర్భంలో మన వర్క్‌షాపులలో దొరికే మందు ‘డైరెక్ట్ చేయడం’. స్విచ్‌కు వచ్చే రెండు తీగలను కలిపేసి బర్నర్‌ను వెలిగిస్తారు. యజమాని ఆనందంగా డబ్బిచ్చి పంపుతాడు. ఆ రోజు నుంచి గన్ మూసినా కాయిల్‌లోని నిలువ నీటి కింద మంట మండే అవకాశం ఏర్పడుతుంది. ఆపైన అడ్డుగా ఉండేది ఉష్ణ నియంత్రణ స్విచ్, రక్షణ వాల్వు మాత్రమే. వాటికీ అదే గార పట్టి ఉంటుంది. కారుతోందని రక్షణ వాల్వును బిగించివేసిన యంత్రాలను కూడా చూశాను. గ్రామీణ మెకానిక్‌లకు ఇచ్చే ఏ శిక్షణలోనైనా నేర్పవలసిన మొదటి పాఠం ఫ్లో స్విచ్‌ను, రక్షణ వాల్వును డైరెక్ట్ చేయరాదన్నదే అని నా దృఢాభిప్రాయం.

గార తీసే ముందు అది ఏ గారో తెలుసుకోవాలి. నేలల శాస్త్ర ప్రయోగశాలలో నల్లరేగడి మట్టిపై సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లం చుక్క వేసి, బుసబుస పొంగితే అందులో స్వేచ్ఛా సున్నం ఉందని విద్యార్థులు గుర్తిస్తారు. అదే పరీక్ష ఇక్కడా పనికివస్తుంది. కాయిల్ చివరి జోడింపు దగ్గర గీకిన పెచ్చుపై ఆమ్లం చుక్క వేస్తే పొంగినది కార్బొనేటు. పొంగకుండా గట్టిగా నిలిస్తే అది కాల్షియం సల్ఫేటో, సిలికానో కావచ్చు. వాటిని ఈ ఆమ్లాలు కరిగించలేవు. అటువంటి కాయిల్‌లో డబ్బాల కొద్దీ ఆమ్లం పోసినా ఇనుము కరుగుతుందే గాని గార కరగదు.

ఆమ్లాల ఎంపికలో లెక్క తప్పకూడదు. 900 గ్రాముల కాల్షియం కార్బొనేటు కరగడానికి సిద్ధాంతరీత్యా సుమారు 660 గ్రాముల హైడ్రోజన్ క్లోరైడు కావాలి. అంటే బజారులో దొరికే గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఇంచుమించు రెండు లీటర్లు. 5 శాతం ద్రావణంగా పలుచన చేస్తే 13 లీటర్లు. సల్ఫామిక్ ఆమ్లమైతే ఒకటిముప్పావు కిలో. ఇంటి చిట్కాగా చెప్పే వెనిగర్‌తో ఈ పని చేయాలంటే ఇరవై లీటర్లకు పైగా కావాలి. వంటింటి కెటిల్‌కు సరిపోయే వైద్యం ఈ యంత్రానికి చాలదు. సిట్రిక్ ఆమ్లం సౌమ్యమైనదే గాని గార ఎక్కువగా ఉన్నప్పుడు కాల్షియం సిట్రేటు బురదగా మారి అడుగున చేరుతుంది. నా మొగ్గు సల్ఫామిక్ ఆమ్లం వైపు. అది పొడిగా దొరుకుతుంది, తూకం వేయడం సులభం, ఘాటైన ఆవిరి రాదు, దాని కాల్షియం లవణం నీటిలో కరిగిపోతుంది. హైడ్రోక్లోరిక్ ఆమ్లాన్ని వాడవలసి వస్తే లోహాన్ని కాపాడే నిరోధకం కలిపినదే వాడాలి. కాయిల్ స్టెయిన్‌లెస్ స్టీలుదైతే దానిని అసలు వాడరాదు. క్లోరైడు ఆ లోహంలో సూదిమొన గుంటలు తొలుస్తుంది. స్నానపు గదుల కోసం అమ్మే సీసా ఆమ్లంలో గాఢత ఎంతో, నిరోధకం ఉందో లేదో ఎవరికీ తెలియదు. దానిని ఈ యంత్రంలో పోయడాన్ని నిరుత్సాహపరచాలి.

ఆమ్లాన్ని యంత్రపు సొంత పంపు ద్వారా పంపరాదు, తయారీదారు కరదీపిక ప్రత్యేకంగా అనుమతిస్తే తప్ప. పంపులోని ఇత్తడి, సీళ్లు, అన్‌లోడర్ దెబ్బతింటాయి. కాయిల్ రెండు కొసలనూ విప్పి, ఆమ్లానికి తట్టుకునే చిన్న పంపుతో ప్లాస్టిక్ డ్రమ్ము నుంచి కింది కొస ద్వారా ద్రావణాన్ని పంపి, పై కొస నుంచి తిరిగి డ్రమ్ములోకే వచ్చేటట్లు అమర్చాలి. వచ్చే దారిని ఎన్నడూ మూయకూడదు. 900 గ్రాముల గార కరిగితే 200 లీటర్లకు పైగా బొగ్గుపులుసు వాయువు పుడుతుంది. మూసిన గొట్టంలో అది ఆమ్లాన్ని ముఖం మీదికి చిమ్మగలదు. కళ్లద్దాలు, రబ్బరు చేతొడుగులు లేకుండా ఈ పని మొదలుపెట్టరాదు. గాలి ఆడే చోట చేయాలి. త్వరగా కరుగుతుందని బర్నర్‌ను వెలిగించడం మహా ప్రమాదం. ఆమ్లం ఇనుముతో కలిసినప్పుడు హైడ్రోజన్ కూడా వెలువడుతుంది. పాల కేంద్రాలకు మరొక హెచ్చరిక అవసరం. అక్కడ పాత్రల శుద్ధికి హైపోక్లోరైటు, బ్లీచింగ్ పొడి నిత్యం వాడతారు. వాటి మిగులు ఉన్న డ్రమ్ములో గాని, కాలువలో గాని ఆమ్లం పడితే క్లోరిన్ వాయువు పుడుతుంది. మూసిన గదిలో అది ప్రాణాంతకం. ఆమ్లపు డ్రమ్మును ఆ పనికే కేటాయించాలి.

ఎంతసేపు తిప్పాలన్నది గడియారం చెప్పదు, పి.హెచ్. కాగితం చెబుతుంది. నురగ వస్తున్నంత సేపు గార కరుగుతున్నట్లు. నురగ తగ్గి పి.హెచ్. నాలుగైదుకు చేరితే ఆమ్లం అయిపోయిందే గాని గార అయిపోలేదు. మళ్లీ కొంత కలపాలి. నురగ లేకుండా పి.హెచ్. అరగంట పాటు తక్కువలోనే నిలిచి ఉంటే తినడానికి సున్నం మిగలలేదని అర్థం. అక్కడే ఆపాలి, ఎందుకంటే తరువాత అది ఇనుమును తింటుంది. రాత్రంతా ఆమ్లం నింపి ఉంచే పద్ధతి అందుకే చెడ్డది. పిమ్మట నీటితో కడిగి, ఒక శాతం చాకలి సోడా ద్రావణాన్ని తిప్పి, మళ్లీ నీటితో కడగాలి. యంత్రాన్ని తిరిగి కలిపిన తరువాత నాజిల్ లేకుండా, బర్నర్ లేకుండా కొద్దిసేపు నడిపితే ఊడిన పెచ్చులు బయటకు పోతాయి. ఒక్కోసారి గార తీసిన మరునాడే కాయిల్ కారడం మొదలవుతుంది. ఆమ్లం కన్నం పెట్టిందని అందరూ అంటారు. చాలా సందర్భాలలో ఆ కన్నం గార కింద తుప్పు తొలిచినదే. ఇంతకాలం గారే దానికి బిరడాగా ఉంది. ఈ సంగతిని పని మొదలుపెట్టక ముందే యజమానికి చెప్పి ఉంచడం మెకానిక్ మర్యాదకు మంచిది.

నీరు అసలే పోని స్థితికి వచ్చిన కాయిల్‌ను ఆమ్లం కాపాడలేదు, లోపలికి వెళ్లలేదు గనుక. కాబట్టి కొన్న రోజే మూడు అంకెలు రాసి పెట్టుకోవాలన్నది నా ప్రతిపాదన: నాజిల్ లేకుండా గేజ్ చూపిన పీడనం, నిమిషానికి వచ్చిన నీరు, నీరు నిర్ణీత వేడికి చేరడానికి పట్టిన సమయం. ప్రతి మూడు నెలలకూ మళ్లీ కొలిచి పక్కన రాస్తే గార ఎప్పుడు పెరుగుతోందో యంత్రమే చెబుతుంది. వ్యవసాయ ఇంజనీరింగ్ విద్యార్థులకు ఇది చక్కని క్షేత్ర అధ్యయనం కాగలదు. వేర్వేరు కాఠిన్యం గల నీటితో నడిచే పది యంత్రాలను ఏడాది పాటు ఇలా గమనిస్తే, కాఠిన్యాన్ని బట్టి ఎన్ని గంటలకొకసారి గార తీయాలో మన ప్రాంతానికి సరిపడే పట్టిక తయారవుతుంది. విదేశీ కరదీపికల అంకెలను మన బోరు నీటికి అతికించే బాధ తప్పుతుంది.

ఇంత శ్రమ పడవలసిన వేడి నీటి యంత్రం అందరికీ అవసరమా అన్న ప్రశ్న కూడా వేయాలి. ట్రాక్టరు కేజ్ వీల్స్‌కు అంటిన దమ్ము మట్టి పోవడానికి చల్లని నీటి యంత్రమే చాలు. కోత యంత్రాల గ్రీజు జిడ్డుకు, పాల కేంద్రాల కొవ్వుకు వేడి కావాలి. అక్కడ కూడా 85 డిగ్రీలు అన్ని దశలలోనూ అక్కరలేదు. పాల కొవ్వు 40 డిగ్రీల లోపే పూర్తిగా కరుగుతుంది. మొదటి కడుగుడుకే మరీ వేడి నీరు కొడితే పాల ప్రొటీన్ గడ్డకట్టి పాత్రకు మరింత అంటుకుంటుంది. గోరువెచ్చని నీటితో మొదట కడిగి, వేడిని డిటర్జెంట్ దశకు దాచుకుంటే పరిశుభ్రతా మెరుగవుతుంది, గారా తగ్గుతుంది. పని ముగిశాక బర్నర్‌ను ఆపి నీరు చల్లబడే వరకు యంత్రాన్ని నడిపితే కాయిల్‌లో వేడి నీరు నిలిచి సున్నం వదలడం కూడా తగ్గుతుంది. దీనికి పైసా ఖర్చు లేదు.

కఠిన జలమే గతి అయిన చోట సాఫ్ట్‌నర్ కొనడాన్ని యంత్రం కొనుగోలులో భాగంగానే చూడాలి. 500 మిల్లీగ్రాముల కాఠిన్యం గల నీటితో రోజుకు రెండు గంటలు నడిపితే తీయవలసిన కాఠిన్యం 900 గ్రాములు. లీటరు రెజిన్ ఒక విడతకు 50 గ్రాములు పట్టగలదనుకుంటే 18 లీటర్ల రెజిన్, దానిని ప్రతిరోజూ తిరిగి శక్తివంతం చేయడానికి రెండు మూడు కిలోల ఉప్పు కావాలి. కొత్త కాయిల్ ధర ముందు ఆ ఉప్పు ఖర్చు లెక్కలోనిది కాదు. సిలికా గార పడే నీటికి మాత్రం సాఫ్ట్‌నర్ కూడా పరిష్కారం కాదు. అక్కడ వేడి నీటి యంత్రాన్ని సిఫారసు చేయకపోవడమే సరైన సలహా.

2014-15లో మొదలైన వ్యవసాయ యాంత్రీకరణ ఉపమిషన్ వంటి పథకాల వలన గ్రామాలకు యంత్రాల అద్దె కేంద్రాలు వచ్చాయి. వాటికీ, పాడి సంఘాలకూ యంత్రాన్ని సూచించే సమయంలో నీటి పరీక్ష నివేదికను జతచేయడం తప్పనిసరి చేయాలి. దరఖాస్తులో ఒక గడి పెరుగుతుంది, అంతే. కృషి విజ్ఞాన కేంద్రాలు డ్రిప్ ఆమ్ల చికిత్స ప్రదర్శన చేసే రోజునే, అదే డ్రమ్మూ అదే పి.హెచ్. కాగితంతో కాయిల్ శుద్ధిని కూడా చూపవచ్చు. గార్లదిన్నెలోని దక్షిణ ప్రాంత వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్ష సంస్థ వంటి చోట గ్రామీణ మెకానిక్‌లకు రెండు రోజుల పాఠం ఏర్పాటు చేస్తే ‘డైరెక్ట్ చేసే’ అలవాటుకు అక్కడి నుంచే చెక్ పెట్టవచ్చు. ఆ పాఠంలో ధార వలన కలిగే గాయం గురించి తప్పక చెప్పాలి. వంద బార్ల ధార చర్మాన్ని చీల్చి లోపలికి నీటిని, మురికిని ఎక్కించగలదు. పైకి చిన్న గాటులా కనిపించినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకువెళ్లవలసిన గాయమది.

వాడిన ద్రావణాల విషయంలో మన విద్యార్థులు ఇతరుల కంటే జాగ్రత్తగా ఆలోచించగలరు. మిగిలిన ఆమ్లాన్ని సున్నంతో గాని, చాకలి సోడాతో గాని పి.హెచ్. ఏడు దగ్గరకు తెచ్చిన తరువాతే పారబోయాలి. పశువుల తొట్టి వైపు, చేపల చెరువు వైపు, పాల కేంద్రపు క్లోరిన్ నీటి కాలువలోకి అది చేరకూడదు. సాఫ్ట్‌నర్ కడిగిన ఉప్పునీటిని పశుగ్రాసపు మడికి మళ్లించడం చూస్తుంటాం. ఆ నీటిలో మిగులు ఉప్పు తాలూకు సోడియం ఉంటుంది, సాఫ్ట్‌నర్ నుంచి వచ్చే మెత్తని నీటిలో కాల్షియం స్థానంలో సోడియం ఉంటుంది. యంత్రానికి మేలు చేసే ఆ మెత్తని నీరు నల్లరేగడి మడికి పనికిరాదు. రెండింటికీ వేర్వేరు గొట్టాలు వేయడం మంచిది.